గ్యాలరీ గోడను తాకే చోట

(వర్షాకాలపు ముందుజాగ్రత్తలపై ముంబైలోని తెలుగువారి కోసం సిద్ధమైన ప్రసంగ పాఠం)



ముంబై నగరాన్ని కట్టిన చేతుల్లో తెలుగు చేతుల లెక్క చిన్నది కాదు. నిజాం రాజ్యపు జిల్లాల నుండి పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడికి వచ్చి రాళ్లు మోసిన, సున్నం కలిపిన పనివారిని ఈ ఊరు కామాఠీలని పిలిచింది. వారు కాపురమున్న వాడ కామాఠీపుర అయింది. తరువాత నూలు మిల్లుల కాలంలో మగ్గం పని తెలిసిన కుటుంబాలు వచ్చి మిల్లుల చుట్టుపక్కల చాళ్లలో స్థిరపడ్డాయి. పాలమూరు మేస్త్రీలు, కూలీలు నేటికీ ఈ నగరపు కట్టుబడి పనుల్లో ఉన్నారు. అయినా విచిత్రమేమంటే, ఊరివారందరికీ గోడలు కట్టి ఇచ్చిన ఈ జనమే జులై నెల వచ్చేసరికి తమ గదిలో మంచం గోడకు దూరంగా జరుపుకొని పడుకోవలసి వస్తోంది. చెమ్మ ఎక్కిన గోడ పక్కన పసిపిల్లలూ, ఉబ్బసమున్న పెద్దలూ నాలుగు నెలలు గడుపుతున్నారు. చెమ్మ సంగతి అలా ఉండగా, దాని వెనుక ఉన్న ప్రమాదం మరొకటి ఉంది. ఈనాటి ప్రసంగం ముఖ్యంగా దానిని గురించే.

ముందుగా వాన లెక్క చెప్పుకోవాలి. హైదరాబాదులో సంవత్సరమంతా కలిపి కురిసే వాన సుమారు 800 మిల్లీమీటర్లు. ముంబైలో ఒక్క జులై నెలలోనే దాదాపు అంత వాన కురుస్తుంది. 2005 జులై 26న శాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు నమోదయింది. అంటే హైదరాబాదు ఏడాది పొడుగునా చూసే వానకంటే ఎక్కువ నీరు ఒక్క పగలూ రాత్రిలో పడింది. పైగా ఇక్కడి వాన నిటారుగా పడదు. నైరుతి గాలి దానిని సముద్రం మీదినుండి ఏటవాలుగా తెచ్చి పడమటి గోడలకు కొడుతుంది. ఆ గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. కాబట్టి పాలమూరులోనో కరీంనగరులోనో ఒక వానకాలం తట్టుకున్న పని ఇక్కడ కూడా తట్టుకుంటుందని అనుకోరాదు. పనితనంలో లోపం లేకున్నా, పని చేసిన చోటు వేరు.

ఇంటి గోడలోకి నీరు సాధారణంగా గోడ నడిమధ్య నుండి రాదు. గిలాబు బాగున్న గోడ పైపైన తడిసినా తిరిగి ఆరుతుంది. ఒక వస్తువు మరొక వస్తువును కలిసే చోటనే నీటికి దారి దొరుకుతుంది. కిటికీ చట్రం గోడను తాకే చోటు, సజ్జ గోడను తాకే చోటు, పైపు గోడలోకి దూరే చోటు ఇటువంటివి. వీటన్నిటిలో పెద్దది, ప్రమాదకరమైనది గ్యాలరీ గోడను తాకే చోటు. ఎందుకంటే మిగిలినవాటి మీద పడిన నీరు జారిపోతుంది. గ్యాలరీ చదునుగా ఉండి నీటిని పట్టి ఉంచుతుంది, గోడవైపుకే పంపుతుంది. మిగిలినవి చెడితే గోడ పాడవుతుంది, గ్యాలరీ చెడితే దానిమీద నిలబడిన మనుషులు పడిపోతారు.

పాత చాళ్లలో ఈ గ్యాలరీ ఎలా నిర్మించారో కొంచెం వివరంగా చూడవలసి ఉంది. గది గోడలో వరుసగా రంధ్రాలు వదిలి, వాటిలో చెక్క దూలాల కొనలు దూర్చారు. దూలాల రెండవ కొన బయటి వైపున స్తంభాల మీదనో, బ్రాకెట్ల మీదనో ఆని ఉంటుంది. దూలాల పైన పలకలు, పలకల పైన సున్నం, ఇటుక ముక్కలు కలిపి కొట్టిన కోబా, దానిపైన షాబాదు బండలు పరిచారు. తాండూరు ప్రాంతం వారికి ఈ బండలు కొత్తవి కావు. వరుసగా ఉన్న పదీ పన్నెండు గదులవారు ఈ గ్యాలరీ మీదనే నడుస్తారు, బట్టలు ఆరేస్తారు, ఎండాకాలం రాత్రులు పడుకుంటారు, వినాయక చవితికి నిలబడి ఊరేగింపు చూస్తారు. చూడబోతే అది ఒక వీధి. మోసేది మాత్రం గోడలో ఒక జానెడు లోతున దాగిన చెక్క కొనలు.

చెక్కకు ఒక స్వభావం ఉంది. పక్కల నుండి అది నీటిని మెల్లగా పీలుస్తుంది. కోసిన కొన నుండి మాత్రం ఎన్నో రెట్లు వేగంగా పీలుస్తుంది. చెట్టు బతికి ఉన్నప్పుడు వేరు నుండి ఆకుకు నీరు ఎక్కిన సన్నని గొట్టాలన్నీ అక్కడ నోరు తెరిచి ఉంటాయి. కొన బయట గాలిలో ఉంటే తడిసినా ఆరిపోతుంది. గోడలో చుట్టూ మాలు పెట్టి బిగించినప్పుడు తడిసినది ఆరే మార్గం లేదు. చెక్క బరువులో తేమ సుమారు 20 శాతం లోపు ఉన్నంతకాలం దానిని కుళ్లబెట్టే శిలీంధ్రం పెరగలేదు. ఆ హద్దు దాటి తడి నిలిచిందంటే పని మొదలవుతుంది. టేకు చాలా కాలం ఓర్చుకుంటుంది. మరమ్మతుల పేరుతో మధ్యలో వచ్చి చేరిన చవక కర్ర ఓర్చుకోదు. కుళ్లిన కర్ర మెత్తబడగానే చెదలు కూడా వచ్చి చేరతాయి.

ఇక్కడే మోసం ఉంది. దూలం కంటికి కనిపించే భాగం గట్టిగానే ఉంటుంది. రంగు కూడా నిగనిగలాడుతుంది. గోడలోపలి కొన మాత్రం తడిసిన అటుకుల్లా మారి ఉండవచ్చు. పరీక్షించడానికి పెద్ద పనిముట్లు అవసరం లేదు. గోడకు ఆనుకున్న చోట సన్నని స్క్రూడ్రైవరుతో దూలాన్ని గుచ్చి చూడాలి. గట్టి కర్రలో మొన దిగదు, దిగినా పీచు లేస్తుంది. కుళ్లిన కర్రలో వెన్నలో దిగినట్లు దిగి, బయటికి తీస్తే చిన్నచిన్న ఘనాలుగా పొడి రాలుతుంది. చిన్న సుత్తితో కొట్టి వినడం మరో పద్ధతి. గట్టి దూలం కంగుమంటుంది, చీకిన దూలం బొద్దుగా మోగుతుంది. మేస్త్రీ చెవికి ఈ తేడా చెప్పనవసరం లేదు. గృహిణి చెవికి కూడా రెండు దూలాలు పక్కపక్కన కొట్టి వింటే తెలిసిపోతుంది.

చెక్క గ్యాలరీ కూలి కాంక్రీటు గ్యాలరీ వచ్చినచోట, లేదా కొత్త భవనాల బాల్కనీల్లో, ప్రమాదం పోలేదు, రూపం మార్చుకుంది. స్తంభం లేకుండా గోడ నుండి బయటికి చాచిన కాంక్రీటు పలకలో ప్రధానమైన ఇనుప కడ్డీలు పైభాగంలో ఉంటాయి, అడుగున కాదు. చాచిన చేతి మీద బరువు పెడితే భుజం పైభాగపు కండ బిగుసుకుంటుంది కదా, అలాగే బాల్కనీ బరువంతా గోడ దగ్గర పై పొరలోని కడ్డీలు లాగి పట్టుకుంటాయి. నేలమీద నిలిచిన నీరు బండల సందుల్లోనుండి దిగి మొదట చేరేది ఆ కడ్డీలనే. అందుచేత కింది అంతస్తువారు తలెత్తి చూసి ‘అడుగున పెచ్చులేవీ ఊడలేదు, బాగానే ఉంది’ అనుకోవడం పూర్తి ధైర్యం కాదు. అసలు తుప్పు పైన, బండల కింద, ఎవరికీ కనిపించకుండా ఉండవచ్చు. ఇనుము తుప్పుగా మారినప్పుడు తన పాత ఘనపరిమాణానికి రెండు నుండి ఆరు రెట్ల వరకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కాంక్రీటును లోపలినుండి చీలుస్తుంది. గోడలో దూర్చిన ఇనుప గర్డరు కూడా ఇలాగే ఉబ్బి, తనను పట్టుకున్న ఇటుకలనే పగలగొడుతుంది. గోడకు సమాంతరంగా, బాల్కనీ నేల పైభాగంలో, గోడకు దగ్గరలో ఒక నిడుపాటి పగులు కనిపిస్తే దానికి పుట్టీ రాసి మూసివేయరాదు. ఆ చోట మనుషులు నిలబడడం ఆ రోజే మానాలి.

ఈ సందర్భంలో మరొక అలవాటును తప్పుపట్టక తప్పదు. పండుగకో పెళ్లికో ఇల్లు బాగుచేయించేటప్పుడు పాత బండలు తీయకుండానే వాటిపైన మాలు పోసి మెరిసే టైల్సు అంటించడం ఇప్పుడు సర్వసాధారణమైంది. రెండంగుళాల మాలూ టైలూ కలిస్తే చదరపు మీటరుకు నూరు కిలోల పైచిలుకు బరువు. పది గదులవారు ఎవరికి వారే ఆ పని చేస్తే గ్యాలరీ మొత్తం మీద ఎన్ని టన్నులు ఎక్కాయో ఒకరూ లెక్కించరు. దీనికి వ్యతిరేకమైన తప్పు ఇంకా చెడ్డది. పాత బండలు ఊడదీసేటప్పుడు గోడ మూలలో సుత్తీ ఉలీ పెట్టి లోతుగా కొట్టడం వల్ల పై పొరలోని కడ్డీలే తెగిపోయే అవకాశం ఉంది. గోడ దగ్గర రెండడుగుల మేర పని చేసేటప్పుడు మేస్త్రీ చేయి మెత్తగా ఉండాలి.

వృద్ధాప్యమే భవనాలకు శత్రువని అనుకునేవారికి ఒక ఉదాహరణ. 2015 జూన్ 16న అమెరికాలోని బర్క్‌లీ పట్టణంలో ఒక అపార్టుమెంటు బాల్కనీ విరిగి పడి ఆరుగురు యువతీయువకులు మరణించారు. ఆ భవనం పూర్తయి అప్పటికి ఎనిమిదేళ్లు మాత్రమే. గోడనుండి బయటికి వచ్చిన చెక్క దూలాలు నీరు చేరి, ఆరే మార్గం లేక, లోపలే కుళ్లిపోయాయి. ఆ తర్వాత 2018లో కాలిఫోర్నియా రాష్ట్రం అద్దె భవనాల బాల్కనీలను ఆరేళ్లకొకసారి తనిఖీ చేయించాలని చట్టం చేసింది. ఈ చాళ్లలో పెరిగిన పిల్లలు కొందరు నేడు అక్కడ వెనుక వాకిట్లో చెక్క డెక్కులున్న ఇళ్లలో ఉంటున్నారు. పండుగనాడు పాతికమంది ఆ డెక్కు మీద చేరే ముందు, అది ఇంటి గోడను పట్టుకున్న పలక ఎలా ఉందో, పలకకు పైన నీరు లోపలికి పోకుండా రేకు పట్టీ ఉందో లేదో చూడమని ఫోనులో ఒక మాట చెప్పడం తల్లిదండ్రులకు పెద్ద పని కాదు. సముద్రాలు దాటినా నీటి ప్రవర్తన మారదు.

ఇక నివారణకు వస్తే, మన పెద్దలు పెంకుటింటి మీద చేసినదే సూత్రం. పై పెంకు కింది పెంకును కప్పుతుంది, కింది పెంకు పై పెంకు మీదికి ఎక్కదు. చూరు గోడకంటే ముందుకు వచ్చి నీటిని వాకిట్లో పారబోస్తుంది. వసారా నేల ఇంటి గడపకంటే దిగువన ఉంటుంది. ఈ మూడింటిలో ఏదీ సిమెంటు మీద ఆధారపడినది కాదు, నీరు కిందికి పోతుందన్న ఎరుక మీద ఆధారపడినది. నేటి ఇంజినీరు గ్యాలరీకి చెప్పేవి కూడా ఇవే. గదిలోని నేలకంటే గ్యాలరీ నేల తక్కువ మట్టంలో ఉండాలి. గోడవైపునుండి బయటి అంచుకు వాలు ఉండాలి. నాలుగడుగుల వెడల్పు గ్యాలరీకి అర అంగుళం వాలు కనీసం కావాలి. ఒక చెంబెడు నీరు గడప దగ్గర పోసి చూస్తే వాలు ఎటున్నదో తెలిసిపోతుంది. నీరు గోడనే అంటిపెట్టుకొని ఉంటే, పైన ఎంత ఖరీదైన రంగు వేసినా ఫలితం అంతంత మాత్రమే.

నేల గోడను కలిసే మూలలో నిక్కచ్చిగా కోణం తీయకుండా, మాలుతో గుండ్రంగా తిప్పిన పట్టీ పెట్టాలి. ముంబై మేస్త్రీలు దీనిని వాటా అంటారు. నేలమీద వేసే జలనిరోధక పొర ఆ గుండ్రం మీదుగా గోడపైకి కనీసం ఆరంగుళాలు ఎక్కాలి. ఎక్కిన పొర చివర గోడ గిలాబు మీద ఊరికే అంటుకొని ఉంటే రెండేళ్లలో పెదవి విచ్చుకున్నట్లు విచ్చుకొని, పైనుండి జారే నీటిని తనలోకే పట్టుకుంటుంది. అందువల్ల గోడలో సన్నని గాడి కొట్టి, పొర అంచును ఆ గాడిలోకి మలిచి, మాలుతో మూయాలి. ఈ గాడి పని పావు రోజు పని. కంట్రాక్టర్లు ఎక్కువగా ఎగవేసేది కూడా దీనినే. టైల్సు పడ్డాక అది కనిపించదు కనుక ఇంటివారు పక్కన నిలబడి చేయించుకోవాలి. తలుపు గడప దగ్గర పొర తెగిపోకుండా గడప కిందికి పోయేట్లు చూసుకోవడం మరువరాదు. గదుల్లోకి నీరు వచ్చేది చాలావరకు అక్కడినుండే.

బయటి అంచు అడుగున, అంచుకు కొంచెం లోపలగా, ఒక సన్నని గాడి పొడవునా ఉండాలి. నీటిబొట్టు అడుగు వెంట పాకుతూ గోడవైపు వచ్చేటప్పుడు ఆ గాడి దగ్గర తెగి కింద పడుతుంది. నీరు బయటికి పోయే గొట్టం గోడకు దూరంగా చాచుకొని ఉండాలి. పొట్టి గొట్టం పై అంతస్తు నీటిని కింది అంతస్తు గోడమీదికి పారిస్తుంది. చాళ్లలో కొట్లాటలు సగం ఈ జానెడు గొట్టం మీదనే.

కొత్త బాల్కనీలో పని ముగిశాక అంగుళం ఎత్తున నీరు నిలిపి ఒక రోజు వేచి చూసే పరీక్ష మంచిదే. అంగుళం నీరంటే చదరపు మీటరుకు పాతిక కిలోల బరువు. బలం మీద అనుమానం ఉన్న పాత చెక్క గ్యాలరీ మీద ఈ పరీక్ష చేయడం తగదు.

చెక్క దూలం మార్చేటప్పుడు కొత్త దూలపు కొనకు కర్రను కాపాడే మందు రెండు మూడు చేతులు పట్టించాలి. గోడ రంధ్రంలో దాని చుట్టూ కొద్దిపాటి ఖాళీ వదిలి గాలి ఆడనివ్వాలి. గట్టిగా ఉంటుందని మాలు కూరి బిగించడం ప్రేమతో గొంతు నొక్కడం వంటిది. దూలం కింద రాతి బండ గానీ కాంక్రీటు దిమ్మె గానీ ఉంటే గోడలోని చెమ్మ నేరుగా ఎక్కదు. అయితే ఈ పని ఇంటివారూ మేస్త్రీ కలిసి ఒక ఆదివారం ముగించుకునేది కాదు. దూలం తీసే ముందు పై బరువుకు కింద ఆసరాలు పెట్టాలి. అవి ఏ అంతస్తు దాకా దిగాలో స్ట్రక్చరల్ ఇంజినీరు నిర్ణయించాలి, వార్డు కార్యాలయంలో అనుమతి తీసుకోవాలి.

రేకుల సంగతి కూడా ఇక్కడే చెప్పడం మంచిది. జూన్ రాగానే గ్యాలరీ మీదనో కిటికీ మీదనో పత్రా రేకు దింపి, అది గోడను తాకే సందులో సిమెంటు మాలు కుక్కడం అందరూ చేస్తారు. ఎండకు రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది, గాలికి అదురుతుంది. గోడ కదలదు. కదిలేదానినీ కదలనిదానినీ మాలు ఎంతకాలం కలిపి పట్టుకోగలదు? మొదటి వారంలోనే బీట వారుతుంది. వంచిన రేకు పట్టీ ఒక అంచును గోడ గాడిలో బిగించి, రెండవ అంచును షెడ్డు రేకు మీదికి నాలుగైదు అంగుళాలు కప్పేటట్లు వదిలేయాలి. ఆ రెండవ అంచును రేకుకు బిగించరాదు. ఇది కూడా పెంకు సూత్రమే. తాత్కాలిక షెడ్డుకైనా అనుమతి ఎలా తీసుకోవాలో వార్డు కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవడం మేలు.

బట్టల దండేనికి, గ్రిల్లుకు, ఏసీ పెట్టెకు కొట్టే ప్రతి మేకూ గోడలో ఒక నోరు. రంధ్రం బయటివైపుకు వాలి ఉండేట్లు తొలిచి, సీలెంటు నింపి బిగిస్తే చాలు.

వానకంటే మోరీ ఎక్కువ హాని చేస్తుందన్నది చాలామందికి రుచించని మాట. వాన నాలుగు నెలలే. గదిలో చోటు చాలక గిన్నెలు తోమే మోరీని గ్యాలరీ మూలకు జరిపిన ఇళ్లలో ఆ మూల పన్నెండు నెలలూ తడే. దాని కిందనున్న దూలపు కొనకు ఆరే రోజు రాదు. ఒక గ్యాలరీలో మొదట చీకేది చాలావరకు ఆ మూల దూలమే. అలాగే శుక్రవారం గడప కడిగి ముగ్గు పెట్టుకోవడం ఆచారం. పల్లెలో వాకిలి నేలమీద బక్కెట్లకొద్దీ నీరు చల్లినా భూమి తాగుతుంది. మూడో అంతస్తులో ఆ నీటిని తాగేది చెక్క. తడిగుడ్డతో తుడిచి ముగ్గు పెట్టుకున్నందువల్ల లక్ష్మీదేవి అలగదు. తులసికోటను గోడమూలలో నేలకు ఆనించకుండా, కాళ్లున్న స్టాండు మీద, కింద పళ్లెం పెట్టి ఉంచుకోవాలి. గోడ సందులో పక్షులు వేసిన రావి మొలకను పీకడానికి కొందరు జంకుతారు. మొలకగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసి పార్కులోనో గుడి ఆవరణలోనో నాటించడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. పైకొమ్మ మాత్రం తుంచి వేరు వదిలేస్తే, అది గోడలోనే లావెక్కి గ్యాలరీనీ గోడనూ విడదీస్తుంది.

ఇంతవరకు చెప్పినది ఇంటివారి చేతిలో ఉన్నది. వారి చేతిలో లేనిది ఒకటుంది. పాత చాళ్లలో చాలామంది పగిడీ అద్దెదారులు. అద్దె నామమాత్రం కనుక యజమాని మరమ్మతు చేయించడు. భవనం తమది కాదు కనుక అద్దెదారులు చేయించరు. ఇద్దరి మధ్యా దూలం చీకుతుంది. 1969 సెప్టెంబరు 30కి ముందు కట్టి, సెస్సు చెల్లిస్తున్న భవనాల నిర్మాణ మరమ్మతులు చూసేందుకు మ్హాడా కింద మరమ్మతుల బోర్డు ఉంది. ప్రతి ఏడూ వానలకు ముందు అది పరిశీలన జరిపి అత్యంత ప్రమాదకరమైన భవనాల జాబితా ప్రకటిస్తుంది. మునిసిపల్ చట్టంలోని 353బి సెక్షన్ ప్రకారం 30 ఏళ్లు దాటిన భవనానికి నిర్మాణ పరీక్ష చేయించాలి. ఆ పరీక్షలో భవనాన్ని వర్గాలుగా విభజిస్తారు. సి1 అంటే ఖాళీ చేసి కూల్చవలసినది. సి2ఎ అంటే ఖాళీ చేసి పెద్ద మరమ్మతులు చేయవలసినది. సి2బి అంటే మనుషులు ఉండగానే నిర్మాణ మరమ్మతు చేయదగినది. సి3 అంటే చిన్న మరమ్మతులు చాలునన్నమాట.

గోడమీద 354 సెక్షన్ నోటీసు అంటించినప్పుడు తెలుగు ఇళ్లలో రెండు తప్పులు జరుగుతాయి. మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉన్న ఆ కాగితాన్ని చదివించుకోకుండా పెద్దవారు దాన్ని పెట్టెలో దాచిపెట్టడం మొదటిది. బడికి వెళ్లే మనుమరాలు దానిని చదివి చెప్పగలదు, అడగడానికి మొహమాటం అక్కరలేదు. ఖాళీ చేస్తే గది మీద హక్కు పోతుందన్న భయంతో కూలబోయే గ్యాలరీ మీదనే కాపురం సాగించడం రెండవది. ఆ భయం అర్థం లేనిది కాదు. మూడు తరాలుగా ఉన్న గది, మిల్లు మూతపడిన నాడు కూడా వదలని గది, దానిని ఒక సంచితో దాటి రావడం ఎవరికైనా కష్టమే. కానీ భయానికి తగిన పని ఉంది. ఖాళీ చేసే ముందు గది కొలతలు అధికారులచేత రాయించుకోవాలి. అద్దె రసీదులు, రేషన్ కార్డు, కరెంటు బిల్లులు, ఓటరు గుర్తింపు వంటివి నకళ్లు తీయించి ఒకటి వేరే ఇంట్లో ఉంచాలి. నిర్మాణ పరీక్ష నివేదిక మీద నమ్మకం లేకపోతే అద్దెదారులు తమ తరఫున మరో ఇంజినీరుచేత పరీక్ష చేయించవచ్చు. రెండు నివేదికలూ విభేదిస్తే మునిసిపాలిటీ సాంకేతిక సలహా సంఘం ముందుకు అవి వెళతాయి. ఇవన్నీ గదిలో కూర్చొని కాక, గదుల వారందరూ కలిసి ఒకే దరఖాస్తుగా చేస్తే వినేవారుంటారు.

ఆపద ముంచుకొచ్చినట్లు కనిపిస్తే దరఖాస్తుల మాట వద్దు. గ్యాలరీకీ గోడకూ నడుమ సందు కొత్తగా తెరుచుకున్నా, నిన్నటిదాకా తెరుచుకున్న తలుపు ఈరోజు నేలను రాసుకుంటున్నా, రాత్రివేళ పైనుండి సన్నని పొడి రాలుతున్నా, దూలం కిర్రుమని మోగినా, పిల్లల్నీ ముసలివారినీ ముందుగా మెట్లవైపు పంపి, 1916కు ఫోను చేయాలి. మెట్లు కూడా గ్యాలరీ మీదినుండే వెళ్లే చాళ్లలో అందరూ ఒక్కసారి పరుగెత్తరాదు. గోడను ఆనుకొని, ఒకరి వెనుక ఒకరుగా నడవాలి. గోడవైపు కొన చీకినా దూలాలన్నీ ఒకేసారి చీకవు. జనమంతా బయటి కటకటాల దగ్గర గుమిగూడినప్పుడే బరువు ఒకే చోట పడుతుంది. వినాయక నిమజ్జనం నాడు, పెళ్లి ఊరేగింపు నాడు కూడా ఇది గుర్తుండాలి. ఆనాటికి వానకాలం మూడు నెలలుగా తన పని తాను చేసి ఉంటుంది.

వానలు వెళ్లిపోయాక అక్టోబరులో ఏం చేయాలన్నది కడపటి విషయం. దీపావళికి రంగులు వేయించే తొందరలో తడి గోడమీదనే ప్లాస్టిక్ రంగు పూస్తారు. లోపలి చెమ్మకు బయటికి వచ్చే దారి మూసుకుపోయి రంగు బుడగలు లేస్తుంది, తెల్లని ఉప్పు పొడి పూస్తుంది. ఆ గోడకు సున్నమే మేలు. అది గాలి పీల్చనిస్తుంది. రంగుకు ముందు మరకల చుట్టూ పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ రాయాలి. డిసెంబరులో మరొకసారి గీయాలి. సంక్రాంతి నాటికి మరక గీతల లోపలికి ముడుచుకుపోయి ఉంటే వచ్చినది వాన నీరు, వచ్చే ఏప్రిల్‌లో గ్యాలరీ మూల, వాలు, గాడి చూసుకోవాలి. చుక్క వాన లేని ఆ మూడు నెలల్లోనూ మరక అలాగే ఉన్నా, పెరిగినా, నీరు మోరీ నుండో, గోడలోని పైపు నుండో, పై అంతస్తు వారి కుళాయి నుండో వస్తోందన్నమాట. అప్పుడు గ్యాలరీ జోలికి పోకుండా, ప్లంబరును వెంటబెట్టుకొని పై అంతస్తు వారి తలుపు తట్టాలి.